ఆడపిల్లలే ఎక్కువగా ఉన్న ఉన్నత పాఠశాలకు సంగీత నాటకాన్ని ఎంచుకోవడం ఎలా?

వార్షికోత్సవానికి పాటలూ పద్యాలూ ఉన్న నాటకం వేయిద్దామని నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని ఏ ఉన్నత పాఠశాలలోనైనా పేర్లు అడిగితే, ఆడపిల్లలు ఇరవై మంది ముందుకు వచ్చినచోట మగపిల్లలు ముగ్గురో నలుగురో వస్తారు. వారిలోనూ ఒకరిద్దరు పాడలేమని ముందే చెప్పేస్తారు. అప్పుడు అందరికీ తెలిసిన పౌరాణిక నాటకం ఒకటి తీసుకుని, కొందరికి మీసాలు అంటించి, మిగిలినవారిని చెలికత్తెలుగా పళ్లేలు పట్టించి నిలబెట్టడం సులభంగానే ఉంటుంది గానీ, ఆ చెలికత్తెలు రెండు నెలలు సాధన చేసి వేదిక మీద ఒక్క మాటైనా మాట్లాడకుండా దిగిపోతారు. ఆడపిల్లలు మగవేషం వేయడంలో తప్పేమీ లేదు, సురభి నాటక సమాజాల్లో స్త్రీలు పురుష పాత్రలు ధరించి మెప్పించారు కూడా. కథను నడిపే నిర్ణయాలు ఎవరివి అన్నదే మొదట చూడవలసిన విషయం.

ఇందుకు రాతప్రతిని ఒకసారి చదివి, ప్రతి రంగం పక్కన ఆ రంగంలో ఎవరి మాట వల్ల కథ మలుపు తిరిగిందో పేరు రాసుకోవాలి. ఆ పేర్లలో కనీసం సగం స్త్రీ పాత్రలవి కాకపోతే ఆ నాటకాన్ని పక్కన పెట్టవచ్చు. తరువాత బృందంలోని పాత్రలను ఒక్కొక్కటిగా తీసేసి చూడాలి. ఎవరిని తీసినా కథకు లోటు రాకపోతే ఆ పాత్ర అలంకారానికే ఉందని అర్థం. అలాంటివి నాలుగైదుకు మించి ఉంటే వాటికి పేర్లూ తలా రెండు మాటలూ ఒక చరణమూ రాయగలరా, లేదా అన్నది ముందే తేల్చుకోవాలి.

కథ కన్నా ముందు గొంతులు వినడం మంచిది. ఈ వయసు ఆడపిల్లలకు ఎక్కువగా ఐదు నుంచి ఆరు శ్రుతి (పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరస్థాయి) అనువుగా ఉంటుంది; మగపిల్లలకు ఎనిమిది, పది తరగతుల మధ్య గొంతు మారుతూ ఉంటుంది కాబట్టి, ఆగస్టులో పాడిన శ్రుతిలో ఫిబ్రవరిలో పాడగలరన్న నమ్మకం లేదు. అందుచేత నాటకం మొత్తానికి ఆడపిల్లల శ్రుతినే ఆధారంగా పెట్టుకుని, మగపిల్లలకు పద్యం కన్నా వచనం ఉన్న పాత్రలు ఇవ్వడం క్షేమం. రాజు పద్యం పాడే అమ్మాయిని గొంతు బరువు చేసుకోమని ఒత్తిడి పెట్టవద్దు. స్పష్టమైన ఉచ్చారణ, పాదం చివర తొందరపడని విరామం ఉంటే గాంభీర్యం దానంతట అదే వస్తుంది. హార్మోనియం వాయించేవారు దొరకకపోతే, కష్టమైన రాగాలున్న పద్యనాటకం జోలికి వెళ్లకుండా డప్పు, డోలక్, తాళాలతో సాగే జానపద వరుసలున్నదాన్ని తీసుకోవాలి.

మన ప్రాంతానికి నేను మొదట సూచించేది ఉత్తర గోగ్రహణం. తిక్కన నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో ఉండి రాసిన భారతభాగం విరాటపర్వంతోనే మొదలవుతుంది. ఊరి పేరు చెప్పి పిల్లలకు పద్యాలు నేర్పించడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. ఇందులో బృహన్నల పాత్ర ఉండనే ఉంది, ఆ వేషానికి ఆడపిల్ల వేదిక మీద సహజంగా సరిపోతుంది. అంతఃపురంలో ఉత్తరకుమార ప్రగల్భాలు, బృహన్నలను సారథిగా తీసుకుపొమ్మని సైరంధ్రి చేసే సూచన, అన్న మాట మీద ఉత్తర వెళ్లి నాట్యాచార్యుణ్ణి ఒప్పించడం, కవచం తొడుక్కోవడం చేతగానట్లు నటించే బృహన్నలను చూసి పిల్లలందరూ నవ్వడం, బొమ్మలకు కట్టడానికి కౌరవుల వస్త్రాలు తెమ్మని అడగడం, ఇవన్నీ స్త్రీల మధ్య జరిగే రంగాలే. ఇక్కడ చెలులకు పని ఉంది, పాట ఉంది, హాస్యం ఉంది. యుద్ధం దగ్గరికి వచ్చేసరికి కౌరవసేన సమ్మోహనాస్త్రానికి సొమ్మసిల్లి పడిపోతుంది కనుక కత్తియుద్ధం నేర్పే శ్రమా తప్పుతుంది. కీచకుడి ఘట్టాన్ని మాత్రం వదిలేయడమే మేలు. బడి వేదికకు అది తగదు. ఉత్తర, ఉత్తరుడు అన్న పేర్లు మైకులో కలిసిపోయి ప్రేక్షకులు తికమకపడతారు కాబట్టి అన్నను ఎప్పుడూ యువరాజా అనే పిలిపించాలి. విరాటపర్వం చదివితే వాన కురుస్తుందని పెద్దల నమ్మకం; అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడే మన తీరంలో ఆ సాయం కూడా అక్కర్లేదు గనుక, ఆరుబయట ప్రదర్శనను జనవరి తరువాతే పెట్టుకోవాలి.

సమకాలీన కథ కావాలంటే నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామంలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఉంది. అక్షరాస్యతా కేంద్రాల్లో చదువుకున్న ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించడం, వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినిపించడం, 1993 అక్టోబరు 1న సారా నిషేధం రావడం దాకా కథలో స్త్రీల నిర్ణయాలే నడుస్తాయి. కథకురాలు తంబూర పట్టుకుని, ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తూ బుర్రకథగా చెబితే, మధ్యమధ్య రంగాలుగా మిగిలినవారంతా వచ్చిపోవచ్చు. స్టాండు మైకులు రెండే ఉన్న బడికి ఈ పద్ధతి బాగా కుదురుతుంది. ఒక జాగ్రత్త: తాగుబోతు వేషానికి వచ్చే నవ్వులు కథను మింగేస్తాయి కాబట్టి ఆ పాత్రకు రెండు మూడు మాటలకు మించి ఇవ్వకూడదు.

మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన కథలో భార్య చానమ్మ, తల్లి ప్రోలమ్మ పాత్రలు బలమైనవే గానీ, పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) తగవులో యుద్ధానికి వెళ్లి వెన్నిచ్చి వచ్చినవాణ్ణి ఎత్తిపొడిచి చావుకు పంపే ఆ ఘట్టానికి ముగ్గురు నటులు చాలు; పదిహేను నిమిషాల ఏకాంకికగా తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇవ్వవచ్చు. వరకట్నం మీద వచ్చిన వరవిక్రయం నాటకంలో అక్కచెల్లెళ్లు కాళింది, కమల పాత్రలు గొప్పవి; అయితే కాళింది ఆత్మహత్య ఉన్నందున, కమల పెళ్లి నుంచి మొదలుపెట్టి ఆడించాలి.

చివరగా హక్కుల మాట. రచయిత మరణించిన తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు గడిస్తే ఆ రచనకు అనుమతి అక్కర్లేదు. అంతకు లోపలి రచన అయినా, పాఠశాల ఉపాధ్యాయులూ విద్యార్థులూ కలిసి, తల్లిదండ్రులూ పాఠశాలకు సంబంధించినవారూ మాత్రమే ఉన్న సభలో ప్రదర్శిస్తే 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అదే నాటకాన్ని టౌన్ హాల్లో టికెట్టు పెట్టి ఆడినా, సినిమా పాట వరుసలతో వీడియో తీసి అందరికీ కనిపించేలా పెట్టినా ఆ మినహాయింపు వర్తించదు. అలాంటి ఆలోచన ఉంటే రాతప్రతిని ఖాయం చేసే ముందే రచయితను గానీ వారసులను గానీ అడిగి లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోవాలి.