ఇండియా ప్రయాణానికి ముందు హీట్ కేబుల్ చూసుకోండి

పోయిన చలికాలం మా షికాగో శివార్లలో ఒక తెలుగు వాళ్ల ఇంటి క్రాల్ స్పేస్‌లో (నేలకీ ఇంటి అడుగుకీ మధ్య ఉండే ఇరుకు ఖాళీలో) మంట లేచింది. ఇంట్లో మనుషులున్నారు, కాలిన వాసన వెంటనే పట్టారు, పిల్లలతో సహా క్షేమంగా బయటపడ్డారు. నీళ్ల పైపు గడ్డకట్టకుండా చుట్టిన హీట్ కేబులే (కరెంటుతో వేడెక్కే తీగ) కారణం. పైపు పొడవు ఆరడుగులు, కొన్న కేబుల్ పన్నెండడుగులు. మిగిలిన దాన్ని అదే పైపు మీద వరస మీద వరసగా చుట్టేసి, పైన టేపు వేశారు. ఇంకో రెండు వారాల్లో వాళ్లు ఇంటికి తాళం వేసి ఇండియా వెళ్లాల్సింది.

డిసెంబరులో మనవాళ్ల ఇళ్లు చాలా వరకు మూడు నాలుగు వారాలు ఖాళీగా ఉంటాయి. అందుకే ఇది ఇప్పుడే రాస్తున్నాను. కుళాయి సన్నగా వదలడం, సింకు కింద తలుపులు తెరిచి పెట్టడం లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

కేబుల్ మీద కేబుల్ పడకూడదు. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ ఇక్కడే మొదలయ్యాయి. దుకాణాల్లో చవకగా దొరికే వాటిలో చాలా వరకు ప్రతి అడుగుకీ ఒకే వేడినిచ్చే రకం. పైపుకు ఆనుకుని ఉన్నంతసేపూ ఆ వేడి పైపులోకి, నీళ్లలోకి పోతుంది. కేబుల్ తన మీద తానే పడ్డ చోట వేడికి పోయే దారి ఉండదు. అక్కడ పెరుగుతూ పెరుగుతూ పై తొడుగు కరుగుతుంది, లోపలి తీగ బయటపడుతుంది. "కేబుల్‌కి థర్మోస్టాట్ ఉందిగా, అదే ఆపేస్తుంది" అనుకుంటారు. థర్మోస్టాట్‌కు తెలిసేది తాను తగులుకుని ఉన్న చోటి చలి మాత్రమే. నాలుగడుగుల అవతల ఏం కాలుతోందో దానికి తెలియదు.

చలిని బట్టి వేడిని తానే తగ్గించుకునే సెల్ఫ్ రెగ్యులేటింగ్ రకం కొంచెం ఖరీదెక్కువ. కొనగలిగితే అదే కొనండి. దాన్ని కూడా పెట్టెలోని సూచనల కాగితం ఒప్పుకుంటేనే ఒకదాని మీదుగా ఒకటి పోనివ్వండి.

కాబట్టి ముందు పైపు కొలవండి, తర్వాతే కేబుల్ కొనండి. పొడవు ఎక్కువైతే తిరిగిచ్చేయండి. ఒకే వేడినిచ్చే రకాన్ని కత్తిరించి కురచ చేస్తే అడుగుకి వచ్చే వేడి పెరిగిపోతుంది, నీళ్లు చొరబడని సీలు కూడా పోతుంది. చుట్టలు చుట్టి పక్కన పెట్టడం కూడా కేబుల్ మీద కేబుల్ వేయడమే.

పైపు ప్లాస్టిక్‌దైతే, ఆ కేబుల్ ప్లాస్టిక్‌కి పనికొస్తుందని పెట్టె మీద రాసి ఉండాలి. థర్మోస్టాట్ బిళ్ల పైపులో అన్నిటికన్నా చలి తగిలే చోట, పైపుకి గట్టిగా ఆని ఉండాలి. గది వెచ్చగా ఉండే వైపు పెడితే అవతలి కొస గడ్డకట్టినా అది ఆన్ కాదు. ఆరుబయట, గరాజ్‌లో, క్రాల్ స్పేస్‌లో ఉండే పైపులకు 20 ఫారెన్‌హీట్ (దాదాపు మైనస్ 7 సెల్సియస్) దాటి చలి దిగితే ప్రమాదం మొదలైనట్టే. 2019 జనవరి 30న ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 ఫారెన్‌హీట్ నమోదైంది. అలాంటి రోజున పని చేయని కేబుల్ ఉన్నా లేనట్టే. నీరు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. పైపు పగిలేది చాలాసార్లు మంచు ఉన్న చోట కాదు, మంచుకీ మూసిన కుళాయికీ మధ్య ఒత్తిడి పెరిగిన చోట.

ఇక పైకప్పు. పైపు కేబుల్ పైకప్పుకి వాడకూడదు, రెండూ వేరు. ఆటిక్‌లోంచి (పైకప్పు కింది ఖాళీలోంచి) వేడి కారి పైన మంచు కరుగుతుంది, ఆ నీరు చల్లగా ఉండే చూరు అంచుకి వచ్చి మళ్లీ గడ్డకట్టి కట్టలా నిలుస్తుంది, వెనక నిలిచిన నీరు షింగిల్స్ (పైకప్పు పలకలు) కిందికి దూరి సీలింగ్ తడుపుతుంది. ఐస్ డ్యామ్ అనేది ఇదే. ఆటిక్‌లో సందులు మూసి ఇన్సులేషన్ పెంచడమే దీనికి అసలు మందు. కేబుల్ చేసేదల్లా నీళ్లకి దారివ్వడం. అందుకే దాన్ని అంచున వంకర్లుగా, కింద ఇంటి బయటి గోడ ఉన్న చోటు దాటి ఒక అడుగు పైదాకా పరచి, గట్టర్‌లోంచి (చూరు కింది కాలువలోంచి) డౌన్‌స్పౌట్ (నీళ్లు కిందికి దింపే గొట్టం) చివరిదాకా దింపాలి. సగంలో ఆపితే కరిగిన నీరు గొట్టంలోనే గడ్డకడుతుంది. ఇక్కడ కూడా అదే మాట: వంకర్లు ఒకదాన్నొకటి తాకకూడదు. గట్టర్‌లో ఎండాకులు తీసేశాకే కేబుల్ వేయండి, అవి మంట అంటుకునే సరుకు. మేకులు, స్టేపుల్స్ వద్దు, దానితో వచ్చిన క్లిప్పులే వాడండి.

మిగతావన్నీ వరసగా చెప్పేస్తాను.

జీఎఫ్‌సీఐ (కరెంట్ లీకైతే వెంటనే ఆపేసే ఏర్పాటు) ఉన్న ప్లగ్‌కే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ కార్డ్ వద్దు. పవర్ స్ట్రిప్ అసలే వద్దు. గోడ లోపల, సీలింగ్ లోపల దాచకండి. తోటకి నీళ్లు పట్టే గొట్టానికి చుట్టకండి. కాగితంలో చెప్పిన ఇన్సులేషన్ తప్ప వేరేది పైన కప్పకండి, చెప్పిన మందం దాటకండి. ఇనప తీగతో కట్టకండి. పాత ఇల్లు కొన్నవాళ్లు, ముందు యజమాని వదిలిన కేబుల్ ఎంత బాగున్నట్టు కనబడినా తీసి పారేయండి. తొడుగు పగిలినా, ఎలుక కొరికినా, నల్లబడినా టేపు వేసి వాడకండి. బ్రేకర్ పడిపోతే మళ్లీ మళ్లీ పైకి ఎత్తకండి, అది పడిపోవడమే మీకు హెచ్చరిక. పొగ అలారాల బ్యాటరీలు మార్చండి. చలికాలం అయ్యాక ప్లగ్ తీసేయండి.

కరెంట్ పోతే కేబుల్ పని చేయదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో లక్షల ఇళ్లకి కరెంట్ పోయినప్పుడు ఇది అందరికీ అనుభవమైంది. ఊరికి వెళ్లేవాళ్లు కేబుల్‌ని నమ్ముకుని వెళ్లకండి. మెయిన్ వాల్వ్ కట్టేయండి, కుళాయిలు తిప్పి పైపులు ఖాళీ చేయండి. ఫైర్ స్ప్రింక్లర్లు గానీ, వేడినీళ్ల బాయిలర్‌తో నడిచే హీటింగ్ గానీ ఉంటే మాత్రం ముందు ప్లంబర్‌ని అడగండి. ఇంటి థర్మోస్టాట్ 55 ఫారెన్‌హీట్ కంటే దించకండి. ఖాళీ ఇంటి గురించి ఇన్సూరెన్స్ పాలసీలో ఏం రాసి ఉందో చదవండి. తాళం చెవి పక్కింటివాళ్లకిచ్చి, మెయిన్ వాల్వ్ ఎక్కడుందో చెయ్యి పెట్టి చూపించండి.

పైపు గడ్డకడితే మంటతో కరిగించకండి. కుళాయి తెరిచి, ఆ వైపు నుంచి హెయిర్ డ్రయర్‌తో మెల్లగా వెచ్చబెట్టండి.

వెళ్లేముందు టార్చ్ పట్టుకుని క్రాల్ స్పేస్‌లోకి దిగండి. కేబుల్ మొదలు నుంచి చివరిదాకా చూడండి. ఎక్కడైనా కేబుల్ మీద కేబుల్ ఉంటే, ఆ క్షణమే ప్లగ్ పీకేయండి.