మన ఊళ్లో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు పెట్టాలనుకుంటున్నారా? ఇలా మొదలుపెట్టండి

2025 జూలై 5న చియాంగ్ మాయ్‌లో మన ఇండియా అమ్మాయిలు థాయ్‌లాండ్ మీద 2-1తో గెలిచిన మ్యాచ్ చూశారా? రెండు గోల్సూ సంగీతా బాస్‌ఫోర్‌వే. క్వాలిఫయర్లు ఆడి, గెలిచి ఆసియా కప్‌కి వెళ్లడం మన మహిళల జట్టుకు అదే మొదటిసారి, అదీ రెండు ప్రపంచ కప్‌లు ఆడిన థాయ్‌లాండ్‌ని వాళ్ల సొంత గడ్డ మీద ఓడించి. మర్నాడు ఆదివారం పొద్దున్నే విజయవాడ సింగ్‌నగర్‌లో నేను ఫుట్‌బాల్ నేర్పే మా పిల్లలకి ఫోన్‌లో ఆ గోల్స్ చూపించాను. ఏడో తరగతి పిల్ల ఒకతి రెండో గోల్‌ని నాలుగుసార్లు వెనక్కి తిప్పించుకుని చూసి, "అక్కా, ఈ టీమ్‌లో తెలుగోళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. ఉంది, నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ ఆ క్వాలిఫయర్లు ఆడింది అని చెప్పాను. "మరి మన బెజవాడ నుంచి?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇది రాస్తున్నాను. విజయవాడలోనో, గుంటూరులోనో, పక్కన తెనాలి, మంగళగిరిలోనో ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పాలనుకునే పీఈటీలు, కాలేజీలో ఆడి మానేసిన అక్కలు, కూతురి కోసం గ్రౌండ్ వెతుక్కుంటున్న అమ్మానాన్నలు ఎవరైనా ఉంటే, నేను ఇన్నేళ్లలో తెలుసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను.

ముందు ఒక మాట. జాతీయ జట్టు అంటే క్యాంపులో 23 మందిని ఏరుకోవడం అనుకుంటాం. కానీ 12 ఏళ్లప్పుడు ఎంతమంది ఆడుతున్నారు, అందులో 16 ఏళ్లకి ఎంతమంది మిగిలారు, ఈ మధ్యలో ఒక్కొక్కరు ఎన్ని మ్యాచ్‌లు ఆడారు, అసలు లెక్క ఇదే. 2017లో మొదటి ఇండియన్ విమెన్స్ లీగ్ ఆరు జట్లతో మూడు వారాల లోపే అయిపోయింది. దేశంలో పెద్ద లీగే అలా ఉంటే కింద జిల్లాల్లో పిల్లకి ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు దొరికేవో మీరే ఆలోచించండి. సొంతగడ్డ, వాళ్ల గడ్డ అని రెండుచోట్లా మ్యాచ్‌లు ఆడే పద్ధతి 2023-24 సీజన్‌కి గానీ రాలేదు. ఆ లీగ్ సంగతి మన చేతిలో లేదు. మ్యాచ్‌లు ఆడించడం, పిల్లలు మధ్యలో మానేయకుండా చూడటం, ఈ రెండూ మాత్రం సింగ్‌నగర్‌లో ఉన్నా మన చేతిలోనే ఉన్నాయి.

గ్రౌండ్ సంగతికి వద్దాం. పెద్ద స్టేడియం కోసం చూడొద్దు. బందర్ రోడ్డు ఇందిరాగాంధీ స్టేడియమో, గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియమో దొరికితే సంతోషమే గానీ, మొదటి ఏడాదికి మీ దగ్గర్లోని మున్సిపల్ స్కూల్ గ్రౌండ్ చాలు. హెడ్‌మాస్టర్ గారికి తేదీలు, వేళలు, పెద్దవాళ్లు ఎవరెవరు ఉంటారు అన్నీ రాసి ఒక లెటర్ ఇవ్వండి, నోటి మాట మీద నడిపితే హెచ్ఎం మారగానే గేటుకి తాళం పడుతుంది. వేళ మాత్రం పొద్దున్నే పెట్టండి, ఐదూ ముప్పావు నుంచి ఏడు వరకు. సాయంత్రమైతే గ్రౌండంతా క్రికెట్ వాళ్లదే, పైగా చీకటి పడితే ఇంట్లో పంపరు. వానాకాలంలో గ్రౌండ్ బురదైపోతే మన ఊరి నిండా ఉన్న బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు పొద్దున పూట ఖాళీగానే ఉంటాయి, వెళ్లి ఓనర్‌తో మాట్లాడండి, ఆడపిల్లల టీమ్ అంటే తగ్గించి ఇచ్చేవాళ్లున్నారు.

బాల్ కొనేకంటే ముందు బాత్‌రూమ్ చూడండి. తాళం పడని తలుపు, నీళ్లు రాని కుళాయి ఉన్నచోట 13 ఏళ్ల పిల్ల రెండు నెలలు కూడా నిలవదు, కారణం మనకి చెప్పదు కూడా, ఊరికే రావడం మానేస్తుంది. మా దగ్గర మొదటి ఏడాది అలా ఐదుగురు పోయారు. ఆట ఇష్టం లేక మానేశారనే అనుకున్నాను, వాళ్ల అమ్మ ఒకావిడ చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆ తప్పు నాదే.

పిల్లల్ని సెలెక్ట్ చేయకండి, వచ్చినవాళ్లందరినీ తీసుకోండి. పది, పన్నెండు మంది ఉంటే ఐదుగురు ఐదుగురు ఆడుకోవచ్చు. ఎక్కడ వెతకాలి అంటే, ఖోఖో ఆడేవాళ్లలో, కబడ్డీ ఆడేవాళ్లలో, స్కూల్ పరుగుపందెంలో. సౌమ్య కూడా ముందు పరుగులోనే కనిపించిన పిల్ల, ఆ వేగం చూసే ఫుట్‌బాల్‌లోకి తెచ్చారు. తర్వాత గోకులం కేరళ క్లబ్‌కి ఆడింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్‌కి వెళ్లింది, తిరిగొచ్చి ఈస్ట్ బెంగాల్‌తో 2024-25 లీగ్ గెలిచింది. ఖోఖో ఆడే పిల్ల ఒక్కసారిగా ఆగి దిక్కు మార్చే తీరు చూడండి, డిఫెండర్‌కి కావాల్సింది అదే.

ఇక ఇంట్లోవాళ్లు. దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే సగం పని ఇక్కడే ఉంది. ఫోన్‌లో అడిగితే కాదు, ఇంటికి వెళ్లండి. మీరు మగవాళ్లైతే భార్యనో, స్కూల్ టీచరమ్మనో వెంటబెట్టుకుని వెళ్లండి. నాన్నని ఒప్పించాం కదా అని వచ్చేయకండి, చాలా ఇళ్లల్లో అసలు మాట అమ్మమ్మదో నాయనమ్మదో. ఒక నాయనమ్మ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి మరీ అడిగింది, "ఎండలో నల్లబడిపోయి, మోకాళ్ల మీద మచ్చలు పడితే రేపు దీన్ని ఎవరు చేసుకుంటారమ్మా?" అని. ఆవిడ భయం ఆవిడకి నిజమే. వాదించలేదు నేను. "మామ్మగారూ, మా ఆట ఏడింటికల్లా అయిపోతుంది, అప్పటికి ఎండ ముదరదు. ఒక్కరోజు మీరే వచ్చి గట్టు మీద కూర్చుని చూడండి" అన్నాను. మూడో రోజు వచ్చింది. మనవరాలు గోల్ కొట్టినప్పుడు లేచి నిలబడింది. ఇప్పుడు ఆ పిల్ల నిద్ర లేవకపోతే లేపి పంపేది ఆవిడే.

వన్‌టౌన్ వైపు కొన్ని ఇళ్లల్లో తలకి కప్పుకోవడం గురించి అడుగుతారు. 2014 నుంచి ఆట నిబంధనల్లోనే దానికి అనుమతి ఉందని చెప్పండి. నిక్కర్ కింద అదే రంగు లెగ్గింగ్స్ వేసుకుని ఆడొచ్చు, ఎవరూ ఆపరు. ఇవి ముందే చెప్తే చాలా టెన్షన్ తగ్గుతుంది.

ఒక్క నియమం మాత్రం మొదటి రోజు నుంచీ పెట్టుకోండి, దీంట్లో మొహమాటం వద్దు. గ్రౌండ్‌లో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, అందులో ఒకరు ఆడవాళ్లు. ఏ కోచ్ అయినా సరే, ఎంత మంచివాడైనా సరే, పిల్లని ఒంటరిగా బండి మీద దింపడం, రాత్రిపూట విడిగా మెసేజ్‌లు పెట్టడం ఉండకూడదు. మెసేజ్‌లన్నీ తల్లిదండ్రులున్న వాట్సాప్ గ్రూపులోనే. బయట ఊరు మ్యాచ్‌కి వెళ్తే తల్లుల్లో ఒకరు తోడు రావాల్సిందే.

సామాన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పన్నెండేళ్ల వరకు 4 నంబర్ బాల్, ఆ పైన 5 నంబర్. ఇద్దరికి ఒక బాల్ చొప్పున ఉండేట్టు చూడండి, ఇరవై మందికి రెండు బాల్స్ ఉంటే అది ప్రాక్టీస్ కాదు, క్యూలో నిలబడటం. మన గట్టి నేలకి పొడుగు స్టడ్స్ వద్దు, పాదాలు నొప్పులు పుడతాయి, చిన్న చిన్న రబ్బరు గుబ్బలుండే టర్ఫ్ షూస్ మేలు. మోకాలి కింద ముందు ఎముకకి దెబ్బ తగలకుండా పెట్టుకునే షిన్‌గార్డ్స్ లేకుండా మ్యాచ్ ఆడించొద్దు.

ప్రాక్టీస్ వారానికి మూడు రోజులు, గంటంపావు. మొదటి ఇరవై నిమిషాలు ఫిఫా 11+ అనే వార్మప్, వీడియోలు ఉచితంగానే దొరుకుతాయి. దీన్ని టైమ్ వేస్ట్ అని వదిలేసే కోచ్‌లని చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆడపిల్లలకి మోకాలి లోపలి లిగమెంట్, అదే ఏసీఎల్, తెగే ప్రమాదం మగపిల్లల కంటే ఎక్కువ, అదీ ఎత్తు పెరిగే వయసులో. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిలు 1,892 మంది మీద ఈ వార్మప్‌ని పరీక్షించారు, 2008లో ఫలితాలు వచ్చాయి, క్రమం తప్పకుండా చేసిన జట్లలో తీవ్రమైన దెబ్బలు బాగా తగ్గాయి. మీరు కళ్లతో చూసుకోవాల్సింది ఒక్కటే: పిల్ల గాల్లోకి ఎగిరి దిగినప్పుడు మోకాళ్లు వంగుతున్నాయా, లోపలికి ఒకదాని వైపు ఒకటి వాలుతున్నాయా. వాలుతుంటే ఆపి, మళ్లీ చేయించండి. నెలలు పడుతుంది, పట్టనివ్వండి.

తర్వాత ఇరవై నిమిషాలు బాల్‌తో: ఇద్దరిద్దరు పాస్‌లు, రెండు కాళ్లతోనూ, ఆ తర్వాత నలుగురు చుట్టూ నిలబడి పాస్‌లు ఇచ్చుకుంటుంటే ఒకరు మధ్యలో లాక్కునే ఆట. మిగిలిన టైమంతా చిన్న గ్రౌండ్‌లో ఐదుగురు ఐదుగురు మ్యాచ్. ఇరవై రెండు మందిని పెద్ద గ్రౌండ్‌లోకి వదిలితే గట్టిగా ఆడేవాళ్లు ముగ్గురికే బాల్ దొరుకుతుంది, మిగతావాళ్లు దూరంగా నిలబడి చేతులు కట్టుకుంటారు. గోల్‌కీపర్‌గా అందరినీ వంతులవారీగా నిలబెట్టండి. పద్నాలుగేళ్లు వచ్చేదాకా ఎవరికీ ఒకే పొజిషన్ ఖాయం చేయకండి.

తిండి గురించి. మన రాష్ట్రంలో ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు, కాబట్టి పరుగులో ఊరికే ఆయాసపడే పిల్లని బద్ధకం అని తిట్టకండి, ముందు పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ చూపించండి. స్కూల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వేసుకుంటుందో, కిటికీలోంచి పారేస్తుందో కనుక్కోండి. ఖాళీ కడుపుతో రానివ్వకండి, ఒక అరటిపండైనా తినాలి. ఆట అయ్యాక ఉడకబెట్టిన గుడ్డు, పల్లీ చిక్కీ, రాగిజావ, ఏది దొరికితే అది. మార్చి దాటాక ఆరున్నరకే ముగించేయండి, ప్రతి పావుగంటకీ నీళ్లు, చివర్లో ఉప్పేసిన మజ్జిగ. నెలసరి రోజుల్లో ఆడాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టం, అడిగి ఇబ్బంది పెట్టకండి, కిట్ బ్యాగులో ప్యాడ్స్ మాత్రం ఎప్పుడూ ఉంచండి.

మ్యాచ్‌లు మీరే పుట్టించుకోవాలి. టోర్నమెంట్ కోసం ఎదురుచూస్తే ఏడాదికి మూడు మ్యాచ్‌లు దొరుకుతాయి, అందులో మొదటిది ఓడితే ఇంటికే. నాలుగు స్కూళ్ల పీఈటీలు కలిసి ఆదివారం లీగ్ పెట్టుకోండి. ప్రతి జట్టూ మిగతా మూడింటితో రెండేసిసార్లు ఆడితే ఆరు ఆదివారాలు, ఒక్కో పిల్లకి ఆరు మ్యాచ్‌లు గ్యారంటీ. కప్పులు, సన్మానాలు, ముఖ్య అతిథులు అక్కర్లేదు, ఆ డబ్బుతో బాల్స్ కొనండి. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్లు ఊళ్ల పిల్లలకి లీగ్ నడిపే తీరు వీలైతే ఒకసారి వెళ్లి చూసి రండి. ఎదురు జట్టు దొరకని వారం అండర్-12 మగపిల్లలతో ఆడించండి, మా వాళ్లు మొదట 7-0తో ఓడారు, ఆరు నెలలకి 2-2 చేశారు.

సెలెక్షన్స్‌కి రెండు దారులున్నాయి. ఒకటి స్కూల్ గేమ్స్, అండర్-14, 17, 19, మండలం నుంచి జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి దాకా, ఇది పీఈటీ ద్వారానే జరగాలి. రెండోది ఫుట్‌బాల్ అసోసియేషన్ దారి, జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, పెద్దయ్యాక సీనియర్ మహిళల జాతీయ పోటీ రాజమాత జిజాబాయి ట్రోఫీ. వీటికి తోడు ఖేలో ఇండియా వాళ్ల అస్మిత లీగ్‌లు అమ్మాయిల కోసమే ఉన్నాయి, మన దగ్గర ఎప్పుడు పెడుతున్నారో జిల్లా అసోసియేషన్‌ని అడుగుతూనే ఉండండి. పిల్ల పేరు ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో ఎక్కించాలంటే జనన ధ్రువీకరణ పత్రం కావాలి. దీన్ని చివరి నిమిషానికి వదిలేయకండి. ఆధార్‌లో ఒక తేదీ, స్కూల్లో ఒక తేదీ ఉన్నందుకు మా పిల్ల ఒకతి జిల్లా సెలెక్షన్స్ రోజు గేటు దగ్గరే ఏడ్చుకుంటూ వెనక్కి వచ్చింది. జట్టులో చేరిన వారానికే ఈ కాగితాలన్నీ చూసి, తేడా ఉంటే సరిచేయించండి.

ఆఖరిది, అన్నిటికంటే కష్టమైనది, పదో తరగతి. మన విజయవాడ, గుంటూరుల్లో పది అవ్వగానే ఇంటర్ రెసిడెన్షియల్‌లో పడేస్తారు, పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి వరకు చదువే, ఆట అక్కడితో సరి. ఐదేళ్లు కష్టపడి తయారైన పిల్ల 16 ఏళ్లకి, సరిగ్గా అండర్-17 జట్టుకి పనికొచ్చే వయసులో ఆగిపోతుంది. దీనికి నాకు తెలిసిన దారి ఒక్కటే, తొమ్మిదో తరగతిలోనే మాట్లాడటం మొదలుపెట్టాలి. డే స్కాలర్‌గా చేర్చుకునే జూనియర్ కాలేజీలు మీ చుట్టుపక్కల ఏవున్నాయో కనుక్కుని పెట్టుకోండి, ఆటకి వారంలో మూడు పొద్దుటి పూటలు వదిలితే చాలని ప్రిన్సిపాల్‌తో మీరే వెళ్లి మాట్లాడండి, స్పోర్ట్స్ కోటా సీట్లకి ఏ సర్టిఫికెట్లు పనికొస్తాయో తండ్రికి కాగితం మీద రాసివ్వండి. పరీక్షల ముందు రెండు నెలలు ప్రాక్టీస్ వారానికి ఒక్కరోజుకి తగ్గించండి, పూర్తిగా ఆపకండి, పూర్తిగా ఆపిన పిల్ల మళ్లీ రావడం నేను చూడలేదు. మొన్న మార్చిలో పది రాసిన మా పిల్లలు ఏడుగురిలో నలుగురు ఇప్పటికీ వస్తున్నారు, మిగతా ముగ్గురి ఇళ్లకి ఈ ఆదివారం ఆట అయ్యాక వెళ్తున్నాను.