ఊరి చెరువులో సంఘంగా చేపలు పెంచాలంటే ఎలా చేయాలి?

తెలంగాణలో 2016-17లో చెరువులకు ఉచితంగా చేపపిల్లలు ఇచ్చే పథకం మొదలైంది. పిల్లలు వస్తే సగం పని అయిపోయినట్టే అనుకునే సంఘాలు ఉన్నాయి, నాకైతే అక్కడే భయం.

ముందు చెరువులో నీళ్లు ఎన్ని నెలలు నిలుస్తాయో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. ఎండాకాలానికి ఎండిపోయే చెరువైతే కాస్త పెద్ద సైజు పిల్లల్నే వేయాలి. బొచ్చె, రవ్వ, మ్రిగాల కలిపి వేయొచ్చు, ఒకటి పైన, ఒకటి మధ్యలో, ఒకటి అడుగున మేస్తాయి. అంతకుముందే వల తిప్పి కొర్రమీను, వాలుగ లాంటివి పట్టేయండి, లేకపోతే వేసిన పిల్లలన్నీ వాటి కడుపులోకే. తూముకి, అలుగుకి జాలీ కట్టండి, కట్టి వదిలేయకుండా వానల్లో చెత్త తీస్తుండాలి, నీళ్లు ఆగితే కట్టకే ముప్పు.

పిల్లలు వచ్చిన రోజు సభ్యులంతా కట్ట మీదుండాలి. ఏదో ఒక ప్యాకెట్ మీరే ఏరి, విప్పి లెక్కపెట్టండి, తక్కువుంటే అక్కడే రాయించండి. ప్యాకెట్లను కాసేపు నీళ్లలో తేలనిచ్చి, కొంచెం కొంచెంగా చెరువు నీళ్లు కలిపి, పొద్దున్నో సాయంత్రమో వదలాలి.

ఆయకట్టు రైతులతో ముందే కూర్చోండి. ఎంత నీళ్లు మిగిలితే తూము మూస్తారో కాగితం మీద రాసుకోకపోతే వేసవిలో గొడవ తప్పదు.

ఇక డబ్బు. సంఘాలు ఎక్కువగా మునిగేది ఇక్కడే. కొల్లేరులో 1970ల్లో పేదల కోసం సొసైటీలు పెట్టి చెరువులిచ్చారు, చాలా చెరువులు గుత్త పేరుతో డబ్బున్నవాళ్ల చేతుల్లోకి పోయాయి, 2006లో అక్రమ చెరువులు కొట్టేసినప్పుడు పేద సభ్యులూ నష్టపోయారు. అందుకే చెరువు ఎవరికీ గుత్తకివ్వొద్దు. వలలకని, ఖర్చులకని వ్యాపారి దగ్గర అడ్వాన్స్ తీసుకుంటే రేటు అతను చెప్పిందే అవుతుంది, కాంటా కూడా అతనిదే. కాంటా సంఘానిదే పెట్టండి, ఎన్ని కిలోలో, ఏ రేటో అందరి ముందు చదివి రాయండి. వచ్చిన డబ్బులో వచ్చే ఏడాది పిల్లలకీ, వలలకీ కావాల్సింది బ్యాంకులో వేశాకే పంచుకోవాలి.

మృగశిర కార్తెకి రేటు బాగుంటుంది కదా అని అన్నీ అప్పటిదాకా ఆపకండి. మే ఎండల్లో నీళ్లు తగ్గి, తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆ రోజే వల వేయండి.