టాలీకి ఏఐ ఏజెంట్‌ను కలిపాక వచ్చే తిప్పలు: లక్షణం, కారణం, పరిష్కారం

బేగంబజార్ హోల్‌సేల్ కొట్టయినా, బాలానగర్ వర్క్‌షాపయినా లెక్కలు ఎక్కువగా ఉండేది టాలీప్రైమ్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే. దానికి ఏఐ ఏజెంట్‌ను (చెప్పిన పనిని తనే కమాండ్లు నడిపి చేసే ఏఐ ప్రోగ్రాం) కలపాలంటే మధ్యలో ఒక కమాండ్ లైన్ టూల్ పెడతాం. ఏజెంట్ టెర్మినల్‌లో కమాండ్ నడుపుతుంది. టూల్ దాన్ని ఎక్స్‌ఎంఎల్‌గా (టాలీ చదివే ట్యాగుల రూపం) మార్చి టాలీ 9000 పోర్ట్‌కు (టాలీ రిక్వెస్టులు అందుకునే ద్వారం) పంపుతుంది, వచ్చిన జవాబును జేసన్‌గా (ఏజెంట్ సులువుగా చదివే రూపం) మార్చి ఏజెంట్‌కు అందిస్తుంది.

ఈ వరసలో ఎక్కడ తెగినా ఏజెంట్ చెప్పేది చాలాసార్లు ఒకటే: "డేటా దొరకలేదు." అందుకే మోడల్ మార్చడానికీ, ప్రాంప్ట్ తిరగరాయడానికీ ముందు అదే కమాండ్‌ను మీరే టెర్మినల్‌లో కొట్టి చూడండి. మీకు పనిచేస్తే తప్పు ఏజెంట్ వైపుంది. మీకూ పనిచేయకపోతే ఏజెంట్‌ను వదిలేసి టూల్, టాలీల వైపు చూడండి. కింద చెప్పినవన్నీ ముందు టెస్ట్ కంపెనీ మీదే చేయండి. అసలు కంపెనీ బ్యాకప్ తీసి, వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసుకుంటే చాలు.

లక్షణం: కనెక్షన్ రెఫ్యూజ్డ్

టాలీ ఉన్న కంప్యూటర్లోనే బ్రౌజర్ తెరిచి లోకల్‌హోస్ట్ 9000 అడ్రస్‌కు వెళ్ళండి. "టాలీప్రైమ్ సర్వర్ ఈజ్ రన్నింగ్" అని రావాలి. రాకపోతే టాలీలో ఎఫ్1 నొక్కి సెట్టింగ్స్, కనెక్టివిటీలోకి వెళ్ళి క్లయింట్/సర్వర్ కాన్ఫిగరేషన్ తెరవండి. టాలీ ఏ పాత్రలో ఉండాలన్న చోట "బోత్" ఎంచుకుని, పోర్ట్ 9000 పెట్టి, టాలీని మూసి మళ్ళీ తెరవండి. 9000ను వేరే ప్రోగ్రాం పట్టుకుని ఉంటే 9001 ఇచ్చి, టూల్ సెట్టింగ్‌లోనూ అదే మార్చండి.

బ్రౌజర్లో వస్తుంది, టూల్‌కు మాత్రం రాదు అంటే టూల్ ఎక్కడ నడుస్తోందో చూడండి. డబ్ల్యూఎస్‌ఎల్2లో (విండోస్ లోపల లినక్స్ నడిపే సదుపాయం) మామూలుగా లోకల్‌హోస్ట్ అంటే ఆ లినక్స్ తనే, విండోస్ కాదు. విండోస్ 11 22హెచ్2 నుంచి నెట్‌వర్కింగ్‌ను మిర్రర్డ్ మోడ్‌లో పెట్టుకోవచ్చు. డాకర్ డెస్క్‌టాప్ (ప్రోగ్రాములను వేరుచేసిన కంటైనర్లలో నడిపే సాఫ్ట్‌వేర్) అయితే హోస్ట్ డాట్ డాకర్ డాట్ ఇంటర్నల్ అనే పేరు వాడాలి. అసలు టూల్‌ను నేరుగా విండోస్‌లో పెడితే ఈ గొడవే ఉండదు.

ఇంటి నుంచి కూడా పనిచేయాలని రూటర్లో 9000 పోర్ట్‌ను బయటికి తెరిచేవాళ్ళున్నారు. అది మాత్రం వద్దు. ఆ పోర్ట్‌కు పాస్‌వర్డ్ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు. వీపీఎన్ ద్వారానే రండి.

లక్షణం: మీకు పనిచేస్తుంది, ఏజెంట్‌కు మాత్రం "కమాండ్ దొరకలేదు" అంటుంది, లేదా బిగుసుకుపోతుంది

డెస్క్‌టాప్ ఐకాన్ నుంచి తెరిచిన ఏజెంట్‌కు మీ టెర్మినల్‌లోని పాత్ సెట్టింగ్ (ప్రోగ్రాములను ఎక్కడ వెతకాలో చెప్పే జాబితా) అందకపోవచ్చు. కాన్ఫిగ్‌లో టూల్ పూర్తి పాత్ రాసి, ఏజెంట్‌ను పూర్తిగా మూసి తెరవండి. విండో మూస్తే సరిపోదు, టాస్క్‌బార్ మూలన ఉండే ఐకాన్ నుంచి కూడా ఆపాలి.

బిగుసుకుపోవడానికి కారణం చాలాసార్లు టూల్ మధ్యలో అడిగే "అవునా, కాదా" ప్రశ్న. ఏజెంట్ నడిపేటప్పుడు ఆ ప్రశ్నకు జవాబిచ్చే మనిషి ఉండడు. ప్రశ్నలు అడగని మోడ్ ఒకటి టూల్‌లో ఉండాలి. ప్రతి కాల్‌కూ 30 సెకన్ల టైమౌట్ కూడా పెట్టండి.

టూల్‌ను ఎంసీపీ (ఏజెంట్లు టూల్స్‌తో మాట్లాడే ఉమ్మడి పద్ధతి) సర్వర్‌గా కలిపితే ఇంకో చిక్కుంది. స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో జేసన్ సందేశాలు తప్ప ఇంకేమీ పోకూడదు. "కనెక్ట్ అవుతోంది..." అనే ఒక్క ప్రింట్ లైను చాలు, కనెక్షన్ చెడిపోవడానికి. లాగ్‌లన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కు మళ్ళించండి.

లక్షణం: జవాబు ఖాళీ, లేదా వేరే కంపెనీ లెక్కలు

రిక్వెస్ట్‌లో కంపెనీ పేరు రాయకపోతే టాలీలో అప్పుడు తెరిచి ఉన్న కంపెనీ డేటా వస్తుంది. అకౌంటెంట్ మధ్యాహ్నం ఇంకో క్లయింట్ ఫైలు తెరిస్తే ఏజెంట్ లెక్కలూ అటే పోతాయి. పేరు స్పేసులతో సహా అచ్చం టాలీలో ఉన్నట్టే ఇవ్వాలి. తేదీలు 20250401 పద్ధతిలో రాయాలి. ఇవ్వకపోతే డే బుక్ (రోజువారీ ఎంట్రీల జాబితా) ఒక్కరోజుదే రావచ్చు. "ఈ ఏడాది" అంటే ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 అని ఏజెంట్ సూచనల్లో స్పష్టంగా రాయండి. లేకపోతే జనవరి నుంచి లెక్కేస్తుంది.

లక్షణం: ఎక్స్‌ఎంఎల్ చదవలేక టూల్ ఆగిపోతుంది

టాలీ తన సొంత గ్రూపుల పేర్ల ముందు, ఉదాహరణకు ప్రైమరీ అన్నదాని ముందు, 4 అనే కంట్రోల్ క్యారెక్టర్ పెడుతుంది. ఎక్స్‌ఎంఎల్ 1.0 నియమాల ప్రకారం అది చెల్లదు కాబట్టి పైథాన్ పార్సర్ (ఎక్స్‌ఎంఎల్‌ను విడదీసి చదివే భాగం) అక్కడే ఆగుతుంది. పార్స్ చేసే ముందే 32 కంటే తక్కువ కోడ్ ఉన్న క్యారెక్టర్ రిఫరెన్సులన్నీ తీసేయండి. ట్యాబ్ 9, కొత్త లైను 10, 13 మాత్రం ఉంచాలి.

మీరు పంపేటప్పుడు "అండ్" గుర్తు (&) గొడవ పెడుతుంది. "రావు & సన్స్" లాంటి లెడ్జర్ (ఖాతా) పేర్లు ప్రతి కంపెనీలోనూ ఉంటాయి. స్ట్రింగులు అతికించి ఎక్స్‌ఎంఎల్ రాయకండి. లైబ్రరీతో రాయిస్తే ఎస్కేపింగ్ (ఇలాంటి గుర్తులను చెల్లే రూపంలోకి మార్చడం) అదే చూసుకుంటుంది.

తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా వస్తే ఎన్‌కోడింగ్ (అక్షరాలను కోడ్‌గా రాసే పద్ధతి) సమస్య. రిక్వెస్ట్ యూటీఎఫ్-16లో పంపితే జవాబూ యూటీఎఫ్-16లోనే వస్తుంది. ఎటు పంపారో అటే చదవండి. విండోస్‌లో పైథాన్ టూల్ అయితే యూటీఎఫ్-8 మోడ్ ఆన్ చేయండి, లేకపోతే ఏజెంట్‌కు చేరే పైపులో అక్షరాలు మళ్ళీ పాడవుతాయి.

లక్షణం: "ఎంట్రీ వేశాను" అంటుంది, టాలీలో ఉండదు

ఎక్కువమంది పడిపోయే గొయ్యి ఇదే. ఓచర్‌ను (లెక్కల ఎంట్రీ) తిరస్కరించినా టాలీ హెచ్‌టీటీపీ 200 (రిక్వెస్ట్ సరిగ్గా అందిందనే కోడ్) అనే పంపుతుంది. టూల్ దాన్నే చూసి ఎగ్జిట్ కోడ్ 0 (పని సరిగ్గా ముగిసిందనే సంకేతం) ఇస్తే ఏజెంట్ పని అయిపోయిందనుకుంటుంది. తప్పు ఏజెంట్‌ది కాదు. జవాబు లోపల క్రియేటెడ్, ఆల్టర్డ్, ఎర్రర్స్, ఎక్సెప్షన్స్ అనే లెక్కలుంటాయి, తప్పు జరిగితే లైన్ ఎర్రర్ అనే వాక్యం కూడా ఉంటుంది. కొత్త ఓచర్‌కు క్రియేటెడ్ 1, ఎర్రర్స్ 0, ఎక్సెప్షన్స్ 0 ఉంటేనే టూల్ 0 ఇవ్వాలి. లేదంటే 1 ఇచ్చి, లైన్ ఎర్రర్‌ను ఉన్నదున్నట్టు ఏజెంట్‌కు చూపాలి. ఆ వాక్యం కనబడితే చాలావరకు ఏజెంటే సరిచేసుకుంటుంది.

లెడ్జర్ లేదని వస్తే పేరులో అక్షరం తేడా వెతకండి. కొత్త లెడ్జర్ తయారుచేసే అధికారం మాత్రం ఏజెంట్‌కు ఇవ్వొద్దు. నెల తిరిగేసరికి ఒకే పార్టీకి మూడు లెడ్జర్లు పుడతాయి. ముందుగా లెడ్జర్ల జాబితా తెప్పించుకుని, అందులోంచే ఎంచుకోమనండి.

మొత్తాలు కలవడం లేదని వస్తే రౌండాఫ్ చూడండి. ₹12,345 అమ్మకం, 18 శాతం జీఎస్‌టీ అనుకుందాం. సీజీఎస్‌టీ 1,111.05, ఎస్‌జీఎస్‌టీ 1,111.05, మొత్తం 14,567.10. పార్టీకి 14,567 డెబిట్ వేస్తే 10 పైసలు మిగులుతాయి. ఆ 0.10ను రౌండాఫ్ లెడ్జర్‌కు డెబిట్ వేయాలి. ఈ లెక్కను ఏజెంట్ చేత చేయించకండి, టూల్‌లోనే పైసల్లో పూర్ణాంకాలుగా చేయండి. గుర్తుల సంగతీ అంతే: టాలీ ఎక్స్‌ఎంఎల్‌లో డెబిట్ మొత్తం మైనస్‌తో ఉంటుంది, దానికి "డీమ్డ్ పాజిటివ్" దగ్గర "యెస్" (అవును) అని ఉంటుంది. తికమకపడేవాళ్ళు టాలీలో ఒక ఓచర్ చేత్తో వేసి, ఎక్స్‌ఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, దాన్నే నమూనాగా పెట్టుకుంటే మంచిది.

లైసెన్స్ లేని ఎడ్యుకేషన్ మోడ్‌లో ప్రయత్నిస్తుంటే నెలలో 1, 2 తేదీల్లాంటి కొన్నింటికే ఓచర్లు పడతాయి. టెస్ట్ ఓచర్లకు 1వ తేదీ వేయండి.

లక్షణం: ఒకే ఎంట్రీ రెండుసార్లు

టైమౌట్ అయిందంటే పని జరగలేదని కాదు. టాలీ ఓచర్ రాసేసి, జవాబు ఆలస్యంగా పంపి ఉండొచ్చు. ఏజెంట్ మళ్ళీ ప్రయత్నిస్తుంది, రెండోది పడుతుంది. ప్రతి ఓచర్‌కూ టూల్ ఒక ప్రత్యేక రిఫరెన్స్ నంబరు ఇవ్వాలి, మళ్ళీ పంపే ముందు ఆ నంబరుతో ఓచర్ ఉందేమో వెతకాలి. ఓచర్ టైపులో డూప్లికేట్ నంబర్లు ఆపే ఆప్షన్ కూడా ఆన్ చేయండి. రాసే పనిని రెండు కమాండ్లుగా విడగొట్టడం ఇంకా మేలు: మొదటిది డ్రాఫ్ట్ చూపి ఊరుకుంటుంది, రెండోది మనిషి సరేనన్నాకే పోస్ట్ చేస్తుంది. చదివే కమాండ్లకు మాత్రం అనుమతి అడగక్కర్లేదు.

లక్షణం: విజయవాడ పార్టీ బిల్లుకు సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ

అడ్రస్‌లో తెలుగు ఊరు కనబడగానే ఏజెంట్ అదే రాష్ట్రమనుకోవచ్చు. పాత అడ్రస్‌లలో కర్నూలు, గుంటూరు పక్కన ఏ.పీ. అనీ, హైదరాబాద్ పక్కన కూడా ఇంకా ఏ.పీ. అనీ ఉండటం దీనికి తోడు. అడ్రస్‌ను పక్కనబెట్టి జీఎస్‌టీ నంబరు 15 అక్షరాల్లో మొదటి రెండు చూడండి: తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. హైదరాబాద్ నుంచి విజయవాడకు సరుకు పంపితే ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే జీఎస్‌టీ). ఈ తనిఖీ ప్రాంప్ట్‌లో రాస్తే ఒకసారి పాటిస్తుంది, ఒకసారి మరుస్తుంది. టూల్ కోడ్‌లో పెట్టండి. బిల్లు ఒక చోటికి, సరుకు ఇంకో చోటికి వెళ్ళే కేసులైతే టూల్ ఆగి అకౌంటెంట్‌ను అడగాలి.

లక్షణం: బకాయిల మొత్తం అడిగిన ప్రతిసారీ మారుతుంది

ఏడాది డే బుక్ మొత్తం ఏజెంట్‌కు ఇచ్చి కూడమంటే ఇలాగే అవుతుంది. జాబితా కాంటెక్స్ట్‌లో (ఏజెంట్ ఒకేసారి చదవగల పరిమితి) పట్టక సగంలో తెగిపోతుంది, ఆ సగాన్నే కూడి చెబుతుంది. కూడిక టూల్ చేయాలి, ఏజెంట్‌కు మొత్తం, వరుసల సంఖ్య, మొదటి 50 వరుసలు పంపితే చాలు. ఆ మొత్తాన్ని టాలీలోని అవుట్‌స్టాండింగ్స్ రిపోర్టుతో సరిచూడండి. తేడా వస్తే ముందుగా వెతకాల్సింది ఆన్ అకౌంట్ రసీదులు, అంటే ఏ బిల్లుకూ కట్టని చెల్లింపులు.