గండికోట కొండ మీద ఇరవై మందికి రెండు రాత్రుల మకాం

కొండ మీద మకాం చెడిపోతే చాలామంది చలిని తిడతారు, గాలిని తిడతారు. నిజానికి ఎక్కువసార్లు కొంప ముంచేది నీళ్ళ లెక్క. శనివారం పొద్దున పదికల్లా క్యాన్లు ఖాళీ అవుతాయి, ఇద్దరు బండేసుకొని కిందికి పోతారు, వాళ్ళొచ్చేదాకా పొయ్యి మీద ఏమీ ఎక్కదు. అందుకే తేదీ ఖాయం చేసుకున్న రోజే నీళ్ళ లెక్క వేసుకోండి. టెంట్లు, పాటలు, డ్రోన్లు ఆ తర్వాతి మాట.

కింద చెప్పే లెక్కలన్నీ ఇరవై మందికి, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా. మీరు పన్నెండు మందే అయితే సగానికి కాస్త ఎక్కువ పెట్టుకోండి. ముప్పై దాటితే మాత్రం వంటకు మనిషిని మాట్లాడుకోవడం మేలు.

డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి నడిమి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. మార్చి దాటితే ఈ ఎర్రమల కొండల బండ మధ్యాహ్నం పెనంలా కాలుతుంది, రాత్రి పది దాకా ఆ వేడి వదలదు. సంక్రాంతి సెలవుల్లో జనం విపరీతం కాబట్టి ఆ వారం వదిలేయండి.

కడప జిల్లా జమ్మలమడుగు నుంచి, పెన్న లోయ అంచున ఉన్న గండికోట పదిహేను కిలోమీటర్లు. నంద్యాల - ఎర్రగుంట్ల లైను మీద జమ్మలమడుగులో రైలు ఆగుతుంది కాబట్టి కర్నూలు వైపు నుంచి వచ్చేవాళ్ళు రైల్లో రావచ్చు. కొనేవన్నీ జమ్మలమడుగులోనే కొనండి. పైన ఊళ్ళో టీ, బిస్కెట్లు దొరుకుతాయి గానీ ఇరవై మంది సరుకు దొరుకుతుందని నమ్ముకోకండి.

కోట లోపల మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం ఉన్న చోట టెంట్ వేయాలనుకోకండి. అవి రక్షిత కట్టడాలు. బయట బీడుగా ఉన్న చేను చూసుకొని, ఆ రైతుతో ముందే మాట్లాడుకోండి. పైరు కోసిన చేనైతే ఇంకా మంచిది, మెత్తగా ఉంటుంది. అడవి భూమి అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. రైతుకు ఎంత ఇవ్వాలన్నది నోటిమాటగా వదిలేయకుండా ఎన్ని రాత్రులు, ఎన్ని బండ్లు, మంట వేస్తారా లేదా అన్నది ముందే తేల్చుకోండి. ఎక్కువ తగవులు వచ్చేది మంట దగ్గరే. ఎండుగడ్డి ఉన్న చేలో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం.

నీళ్ళు

మనిషికి రోజుకు పదిహేను లీటర్లు. తాగడానికి నాలుగు, వంటకు రెండు, గిన్నెలు తోమడానికీ చేతులకూ మూడు, ముఖానికీ దొడ్డికీ ఆరు. ఇరవై మంది, రెండు రోజులంటే 600 లీటర్లు. ఇందులో తాగడానికీ వంటకూ కలిపి 240, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు పన్నెండు. ఒకటి అదనంగా పెట్టుకొని పదమూడు తెచ్చుకోండి. మిగతా 360కి రెండు వందల లీటర్ల డ్రమ్ములు రెండు చాలు.

డ్రమ్ములు కింద నింపి ఎక్కించకండి. రెండు డ్రమ్ముల నీళ్ళే నాలుగు వందల కిలోలు. చిన్న టాటా ఏస్‌లో క్యాన్లు, గ్యాసు, పాత్రలు కూడా పెడితే మలుపుల్లో బండి ఊగుతుంది. ఖాళీ డ్రమ్ములు తెచ్చి పైన ఊళ్ళో అడిగి నింపుకోండి. డ్రమ్ముకు కొళాయి ఉండాలి. కొళాయి లేకపోతే అందరూ చెంబు ముంచుతారు, సాయంత్రానికి ఆ నీళ్ళలో అన్నం మెతుకులు తేలుతుంటాయి. తాగే క్యాన్ల పక్కన ఒక మనిషిని ‘నీళ్ళ మనిషి’గా పెట్టండి. అతని పని ఒకటే: శనివారం పొద్దున ఎన్ని క్యాన్లు మిగిలాయో చూసి చెప్పడం. ఆరు క్యాన్ల కంటే తక్కువ ఉంటే అప్పుడే కిందికి బండి పంపాలి, మధ్యాహ్నం కాదు.

టెంట్లు, రాళ్ళు, గాలి

ముగ్గురు పట్టే టెంటులో ఇద్దరు పడుకోవాలి, మూడో చోటు సంచులది. ఇరవై మందికి పది టెంట్లు. తొమ్మిదితో సర్దుకుందామంటే శుక్రవారం రాత్రి పన్నెండింటికి ఎవరో ఒకరు బండిలో పడుకుంటారు.

ఇక్కడి బండ మీద మేకు దిగదు. సుత్తితో కొడితే వంకరపోతుంది. టెంటు తాడును రాయికి చుట్టి వదిలేస్తే గాలికి రాయి జరుగుతుంది, తాడు వదులవుతుంది. దీనికో పద్ధతి ఉంది. మూరెడు కట్టె తీసుకొని దాని నడిమికి తాడు కట్టండి. కట్టెను తాడుకు అడ్డంగా నేల మీద పడుకోబెట్టండి. కట్టెకు టెంటు వైపున, తాడు మీదుగా, పదిహేను ఇరవై కిలోల రాయి పెట్టండి. గాలి లాగినప్పుడు కట్టె వచ్చి రాయికి ఆనుకొని ఆగిపోతుంది. రాయి అంచు పదునుగా ఉంటే తాడు కోసుకుపోతుంది కాబట్టి మధ్యలో పాత గోనె ముక్క పెట్టండి. ఒక్కో టెంటుకు నాలుగు మూలలా నాలుగు రాళ్ళు, గాలి వైపు ఇంకో రెండు.

రాయిని వేళ్ళు కింద పెట్టి ఎత్తొద్దు. ముందు కట్టెతో దొర్లించి కింద ఏముందో చూడండి. తేలు ఉండేది అక్కడే.

చలికాలం గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది, వాకిలి అటు పెట్టకండి. టెంటు కింద వేసే టార్పాలిన్ టెంటు అడుగు కంటే నాలుగు వేళ్ళు లోపలికే ఉండాలి. బయటికి పొడుచుకొస్తే మంచు నీరు దాని మీద పడి కిందికి పారి పడక తడుస్తుంది. పైన కప్పుకోవడానికి గొంగడి ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. నాజూకు దుప్పటితో వచ్చినవాళ్ళు తెల్లవారుజామున మూడుకు లేచి కూర్చుంటారు, చూస్తూ ఉండండి.

లోయ అంచుకు కనీసం వంద అడుగుల దూరం. ఇది తగ్గించడానికి వీల్లేదు. అంచు దగ్గర ఫొటో బాగుంటుంది, నిజమే. కానీ రాత్రి రెండుకు నిద్రమత్తులో లేచినవాడికి ఏ వైపు లోయ ఉందో తెలియదు. చీకటి పడకముందే మకాంకూ అంచుకూ మధ్య తెల్ల తాడు నడుము ఎత్తులో కట్టండి. చీకటి పడ్డాక దాన్ని ఎవరూ దాటకూడదు.

పొద్దున సూర్యోదయం చూడ్డానికి అందరూ ఎగబడతారు. జనవరిలో సూర్యుడు కనబడేది దాదాపు ఆరూముప్పావుకు. ఐదున్నరకే చీకట్లో ఎక్కడానికి పోవద్దు, ఆరింటికి బయల్దేరితే చాలు. అక్కడి ఎర్రరాయి పెట్టెల్లా చీలి ఉంటుంది. పైకి గట్టిగా కనబడ్డా కొన్ని రాళ్ళు కదులుతాయి. రాతి మీద సన్నని ఇసుక పలుకులు ఉంటాయి, చెప్పు వాటి మీద పడితే గోలీల మీద పడ్డట్టే. వేలి చెప్పులు వద్దు, బూట్లే వేసుకోవాలి. కింద కనబడే నీళ్ళు మైలవరం జలాశయం వెనక నిలిచిన పెన్న నీళ్ళు. లోతు కనబడదు, ఒడ్డు నిట్టనిలువు. ఈత అన్న మాటే ఎత్తనివ్వకండి.

వంట

ఐదు పూటలు. శుక్రవారం రాత్రి రాగి సంగటి, మటన్ పులుసు. శనివారం పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం నిమ్మకాయ చిత్రాన్నం, రాత్రి అన్నం, గోంగూర పప్పు. ఆదివారం పొద్దున ఉప్మా. మాంసం మొదటి రాత్రే. శనివారం రాత్రికి దాచి ఉంచాలనుకుంటే ఐసు పెట్టె, పది కిలోల ఐసు కావాలి, అయినా మధ్యాహ్నానికే ఆ ఐసు నీళ్ళవుతుంది. ఎందుకొచ్చిన తంటా.

మటన్ నాలుగు కిలోలు, ఎముకతో కలిపి. జమ్మలమడుగులో నాలుగింటికి కొని, ఉప్పు, పసుపు పట్టించి మూత ఉన్న డబ్బాలో పెట్టుకొని నేరుగా పైకి రండి. ఆరింటికల్లా పొయ్యి మీద ఉండాలి. కుక్కర్ లేకపోతే ముదురు మాంసం ఉడకడానికి గంటన్నర పడుతుంది, ఆకలి మీద ఉన్న ఇరవై మంది అంతసేపు ఆగరు. పెద్ద కుక్కర్ రెండు తెచ్చుకోండి.

సంగటికి బియ్యం కిలోంబావు, రాగిపిండి కిలోముప్పావు, ఎసరు తొమ్మిది లీటర్లు. బియ్యం మెత్తగా, మామూలు అన్నం కంటే ఇంకా మెత్తగా ఉడకాలి. అప్పుడు పిండిని నడిమధ్య కుప్పగా పోసి, కట్టెతో ఒక రంధ్రం చేసి, కలపకుండా మూత పెట్టి సన్నని మంట మీద పది నిమిషాలు వదిలేయాలి. పిండి ఆవిరికి పచ్చి వాసన పోయాకే కెలకాలి. ముందే కెలికితే ఉండలు కడుతుంది, ఆ ఉండ లోపల పిండి పచ్చిగానే ఉంటుంది. ఎన్ని కుమ్ములు కుమ్మినా అది విరగదు. కెలకడానికి ఇద్దరు బలమైనవాళ్ళు కావాలి, ఒకరు పాత్ర పట్టుకోవాలి, ఒకరు సంగటి కట్టె తిప్పాలి. పాత్ర అంచుకు తడి గుడ్డ కట్టుకుంటే చెయ్యి కాలదు.

ఉగ్గానికి బొరుగులు కిలోన్నర, ఉల్లి కిలోన్నర, టమోటా ముప్పావు కిలో, పచ్చిమిర్చి నూటయాభై గ్రాములు, పుట్నాల పొడి పావు కిలో. బొరుగులు నీళ్ళలో నిమిషం కంటే ఎక్కువ ఉంచితే ముద్దవుతాయి. నాలుగు విడతలుగా నానబెట్టి పిండుకోండి. కడప, అనంతపురం వాళ్ళు బజ్జీ లేని ఉగ్గానిని ఉగ్గాని అనరు, ఆ మాట కాదనను. కానీ గాలిలో మరిగే నూనె బాండలి పెట్టడం తెలివైన పని కాదు. బజ్జీ ఇంటికి పోయాక తినండి.

చిత్రాన్నానికి బియ్యం రెండున్నర కిలోలు, రాత్రి అన్నానికి మూడు, కందిపప్పు కిలోంబావు. ఉప్మా రవ్వ కిలోన్నర. టీకి పాలు తెచ్చుకుంటే రెండో పొద్దుకు విరుగుతాయి, పాలపొడి తెచ్చుకోండి. కాసిని కరకర జొన్న రొట్టెలు, వేరుశనగ పొడి సంచిలో ఉంటే ఆకలన్నవాడి నోరు మూయడానికి పనికొస్తాయి.

పొయ్యికి గాలి అడ్డు తప్పనిసరి. అడ్డు లేకపోతే మంట పాత్ర కింద కాక పక్కలకు పోయి గ్యాసు రెట్టింపు కాలుతుంది. ఒక నిండు పెద్ద సిలిండర్, అడ్డు ఉంటే ఐదు పూటలకూ చాలు. కానీ రేకులతో పొయ్యిని నాలుగు వైపులా మూసి సిలిండర్‌ను కూడా లోపలే పెట్టేవాళ్ళున్నారు. వేడంతా సిలిండర్‌కు, పైపుకు తగులుతుంది. అడ్డు మూడు వైపులే ఉండాలి, సిలిండర్ దాని బయట కనీసం నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉండాలి. పైపు అతుకుల మీద సబ్బు నురగ రాసి బుడగ వస్తుందా అని మంట పెట్టకముందే చూసుకోండి.

వేట మాట

రాత్రి అన్నం తిన్నాక ఎవరో ఒకరు చెవులపిల్లినో (అడవి కుందేలు), కౌజు పిట్టలనో తెచ్చుకుందామంటారు. వల ఉన్నవాడు ఊళ్ళో ఉన్నాడంటారు. ఇది నవ్వులాట కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పి, జింకలే కాదు, చెవులపిల్లిని పట్టడం కూడా నేరం. కృష్ణజింక విషయంలో శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు. చంపినవాడిదే కాదు, కొన్నవాడిదీ, తిన్నవాడిదీ తప్పే. కాబట్టి మకాంలో మాంసం కొట్టులో కొన్నదే. జింకలు చూడాలని ఉంటే తిరుగు ప్రయాణంలో కర్నూలు వైపు రోళ్ళపాడు అభయారణ్యం ఉంది, అక్కడి గడ్డి మైదానాల్లో కృష్ణజింకలు తిరుగుతాయి.

ఒంటికి

తేలు కుట్టాక నొప్పి మాత్రమే ఉంటే ఐసు పెట్టి కాసేపు చూడవచ్చు. కానీ చెమటలు పట్టి, చేతులు చల్లబడి, వాంతులు మొదలైతే ఒక్క నిమిషం ఆలస్యం చేయొద్దు, అది ఎర్ర తేలు కావచ్చు, గుండె మీద పని చేస్తుంది. పిల్లలకు కుట్టితే ఏ లక్షణం కోసమూ ఆగకండి. పాము కరిస్తే కోయొద్దు, పీల్చొద్దు, తాడు బిగించొద్దు. కరిచిన కాలిని రెండు కట్టెల మధ్య కదలకుండా గుడ్డతో కట్టి, 108కి చేసి, పడుకోబెట్టి జమ్మలమడుగు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రాతి నేలలో కనబడే చిన్నపింజర పాము చిన్నదే గానీ ప్రమాదం చిన్నది కాదు. కట్లపాము రాత్రిపూట పడకలోకి వస్తుంది, దాని కాటు నొప్పి కూడా పెట్టదు. అందుకే టెంటు జిప్పు ఎప్పుడూ మూసి ఉండాలి, బూట్లు లోపల పెట్టి పొద్దున దులిపి తొడుక్కోవాలి. ఒక బండి తాళం చెవి రాత్రంతా అందరికీ తెలిసిన ఒకే చోట ఉండాలి, తాగి పడుకున్నవాడి జేబులో కాదు.

దొడ్డికి రెండు చిన్న గుడారాలు, ఒకటి ఆడవాళ్ళకు. వంట చోటుకు, డ్రమ్ములకు రెండు వందల అడుగుల దూరంలో, వాలు దిగువన. మట్టి దొరికిన చోట జానెడు లోతు గుంట తీయండి, తీసిన మట్టి పక్కనే పెట్టి ప్రతిసారీ పిడికెడు వేయమనండి. బండ మీద గుంట తీయలేం కాబట్టి చోటు చూసుకునే రోజే మట్టి ఎక్కడుందో చూసుకోవాలి.

లెక్క, ఖర్చు

డబ్బు వసూలు ఒక్కరి చేతిలో ఉండాలి, రాసేది ఇంకొకరు. మూడింట రెండు వంతులు వారం ముందే తీసుకోండి. సరుకు కొన్నాక రానన్నవాళ్ళకు తిరిగి ఇచ్చేది లేదని ముందే చెప్పండి, తర్వాత చెబితే స్నేహం పోతుంది. రాత్రి పది గంటలకు, పొద్దున సూర్యోదయం నుంచి రాగానే, మనుషుల్ని లెక్కపెట్టడం మాత్రం మరవొద్దు. పేర్లు పిలిచి లెక్కపెట్టాలి. తలలు లెక్కపెడితే పక్క మకాం వాడు కూడా మీ ఇరవైలో కలుస్తాడు.

ఆదివారం తొమ్మిదికి టెంట్లు విప్పండి. ఎండ తగిలి మంచు ఆరాకే మడవాలి, తడిగా చుడితే మూడు రోజుల్లో బూజు పడుతుంది. కట్టిన రాళ్ళు తెచ్చిన చోటుకే దొర్లించండి, లేకపోతే రేపు దున్నేటప్పుడు రైతు నాగలికి తగులుతాయి. చెత్త రెండు గోనె సంచుల్లో, మాంసం ఎముకలు వేరుగా, కిందికి తీసుకెళ్ళండి. ఎముకలు అక్కడే వదిలితే రాత్రికి కుక్కలు చేరతాయి, మీ తర్వాత వచ్చేవాళ్ళ నిద్ర పోతుంది. డ్రమ్ములో మిగిలిన నీళ్ళు ఏ చెట్టు మొదట్లోనో పోసి, ఖాళీ డ్రమ్ములు బండిలో బోర్లించి కట్టండి.