పులికాట్‌లో పడవ దారి తెలుసుకోవడం ఎలా

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట, సూళ్లూరుపేట మీదుగా తడ చేరి భీమునివారిపాలెం రేవులో నిలబడితే, ఎదుట ఇరకం దీవి దాకా నీరంతా ఒకే తీరుగా కనిపిస్తుంది గనుక, పడవను ఎటు తిప్పినా సాగిపోతుందని కొత్తవారు అనుకుంటారు. పులికాట్ మన దేశంలో చిలికా తరువాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సే అయినా, దాని సగటు లోతు సుమారు 1 మీటరు మాత్రమే. కాబట్టి ఇక్కడ దగ్గరి దారి కన్నా లోతున్న దారిని ఎంచుకోవాలి.

ముందుగా నీటి రాకను తెలుసుకోవాలి. సూళ్లూరుపేట పక్కగా పారే కాళంగి, దక్షిణాన తమిళనాడు వైపు నుంచి వచ్చే ఆరణి ఈ సరస్సులో కలుస్తాయి. పల్లపు నేలకు చేరి వేగం తగ్గిన నది తన ఒండ్రును సరస్సు మొదట్లోనే దించుతుంది గనుక పడమటి ఒడ్డున బురద, శ్రీహరికోట వైపున సముద్రం తోసిన ఇసుక పేరుకుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానలకు సరస్సు నిండుతుంది. ఎండాకాలం వచ్చేసరికి ఉత్తర భాగంలో, సంక్రాంతికి పడవ నడిచిన చోటనే నేల నెర్రెలిచ్చి ఉంటుంది.

ఇంజను ఉన్నా సరే, వెదురు గెడ లేని పడవ ఎక్కడాన్ని నేను ఒప్పుకోను. గెడకు అడుగు నుంచి జానెడుకొకటి చొప్పున రంగుగుడ్డ పేలికలు కట్టాలి. ముందు కూర్చున్నవారు గెడ దించుతూ, ఎన్ని పేలికలు మునిగాయో పైకి చెబుతుండాలి. గెడ తీసినప్పుడు కొనను కూడా చూడాలి. నల్లని జిగట బురద అంటితే పడవ కూరుకుపోయే ప్రమాదం ఉంది. ఇసుక, గుల్లలు అంటితే గట్టి తిప్ప దగ్గరపడిందని గ్రహించాలి. వరుసగా రెండుసార్లు లోతు తగ్గితే వేగం తగ్గించి, రెండు పక్కలా గెడ వేసి చూసి లోతున్న వైపుకు తిరగాలి.

పడవ కూరుకుపోతే ముందుకు తోయకూడదు. ఇంజను ఆపి పైకెత్తి, ముందున్నవారిని వెనక్కి రప్పించి, వచ్చిన దారినే గెడతో వెనక్కి నెట్టాలి.

నీటిలో కర్రల వరుస కనిపిస్తే అవి జాలరులు కట్టిన వలలు. ఎంత దూరమైనా చుట్టి వెళ్లాలి. ఒక్క వల చిరిగితే ఒక ఇంటికి పూట గడవదు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచి, లోతు లేని నీటిలో పొట్టి అలలు పడవను అడ్డంగా కొడతాయి కనుక, తెల్లవారగానే బయలుదేరి ఆ గాలి రాకముందే రేవుకు చేరుకోవాలి. వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజున పడవ కట్టు విప్పరాదు.