కొత్త రోడ్స్ తరహా పియానో ఆలస్యమైతే: వచ్చేలోపు చేసుకోవలసిన పనులు

రోడ్స్ అనేది పేరున్న ఎలక్ట్రిక్ పియానో బ్రాండు. ఆ తరహా పియానోలో స్వరం చిప్‌లోంచి పుట్టదు. మెట్టు నొక్కితే సుత్తి లేచి టైన్ అనే సన్నని ఉక్కు కడ్డీని కొడుతుంది. ఎదురుగా ఉన్న పికప్ ఆ కంపనాన్ని కరెంటుగా మారుస్తుంది. 73 మెట్లుంటే సుత్తులు, టైన్లు, పికప్‌లు, వేలు తీయగానే స్వరాన్ని ఆపే డ్యాంపర్లు అన్నీ 73 చొప్పున ఉంటాయి, ప్రతిదాన్నీ విడిగా సరిచేయాలి. కొత్త డిజైన్‌లో సుత్తి కొలత కొంచెం మార్చినా అది లేచే ఎత్తు, డ్యాంపర్ వదిలే క్షణం, మెట్టు బరువు అన్నీ కదిలిపోతాయి. తయారీదారు ఏ భాగం దగ్గర పని ఆగిందో చెబుతుంటే వేచి ఉండడం మేలు. కారణం లేకుండా తేదీ మాత్రమే వెనక్కి జరుగుతుంటే అప్రమత్తం కావాలి.

అలాంటప్పుడు ఫోన్‌లో కాదు, మెయిల్‌లో అడగండి: కొత్త తేదీ ఏది, రద్దు చేస్తే అడ్వాన్సు పూర్తిగా వస్తుందా, వారంటీ ఏ రోజు నుంచి లెక్క. కార్డుతో కట్టి ఉంటే అభ్యంతరం చెప్పే గడువు ఎప్పటిదాకా ఉందో బ్యాంకును కనుక్కోండి. ఆలస్యం సాగేకొద్దీ ఆ గడువు దాటిపోయే ప్రమాదం ఉంది.

స్టాండు ముందే కొనవద్దు. రోడ్స్ పాత మోడల్ స్టేజ్ 73 దాదాపు 60 కిలోలు, కొత్తవి తేలికే అయినా మామూలు ఎక్స్ స్టాండు వీటికి చాలదు. వాయించేటప్పుడు పక్కకు ఊగుతుంది. ఖరారైన బరువు, అడుగు కొలతలు తెలిశాక నాలుగు కాళ్లది తీసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్లకు, పెద్ద అడాప్టర్లకు దూరంగా చోటు చూసుకోండి. పికప్‌లు వాటి అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని హమ్‌గా వినిపిస్తాయి.

ఈ నిరీక్షణలో అన్నిటికన్నా విలువైన పని చెవిని సిద్ధం చేసుకోవడం. టైన్ కొన పికప్ నడిమధ్యకు ఎదురుగా ఉంటే మూలస్వరం బలహీనపడి, పై ఆక్టేవ్ గంటలా మోగుతుంది. కొంచెం పైకి జరిపితే మూలస్వరం నిండుగా వస్తుంది. పికప్‌ను దగ్గరికి తెస్తే శబ్దం పెరుగుతుంది, గట్టిగా కొట్టినప్పుడు గరగర మొదలవుతుంది. మరీ దగ్గరైతే టైన్ పికప్‌కే తగులుతుంది. మొదలుపెట్టడానికి టైన్‌కూ పికప్‌కూ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు ఎడం బాగుంటుంది, పై స్వరాలకు ఇంకా తక్కువ. ఈ తేడాలు చెవికి పట్టకపోతే, సర్దుబాటుతో పోయే దోషాన్ని తయారీ లోపమనుకుని పియానో వెనక్కి పంపేస్తారు.

పెట్టె వచ్చాక విప్పకముందే నాలుగు వైపులా ఫోటోలు తీయండి. బయట చలిగా ఉంటే ఒక రోజు గదిలోనే ఉంచండి, లేకపోతే లోహం మీద తేమ పేరుకుంటుంది. ప్లగ్ పెట్టే ముందు వోల్టేజీ చూడండి. ఎఫెక్టులన్నీ ఆపి, ప్రతి మెట్టునూ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడుసార్లు వాయించి రాసుకోండి. స్వరం మోగీ మోగగానే చచ్చిపోతే సుత్తి టైన్‌కు మరీ దగ్గరగా ఆగుతోందేమో చూడాలి. వేలు తీశాక కూడా మోగుతుంటే తప్పు డ్యాంపర్‌ది.

శ్రుతి విషయంలో తొందర వద్దు. పియానో గదికి అలవాటు పడేదాకా కొన్ని రోజులు వదిలేసి, ఆ తర్వాత ‘A’ స్వరం 440 హెర్ట్జ్‌గా ఉండే శ్రుతికి ట్యూనర్‌తో సరిచూడండి. టైన్ మీది చిన్న స్ప్రింగును కొన వైపు జరిపితే స్వరం దిగుతుంది, మొదలు వైపు జరిపితే ఎక్కుతుంది. ఒక్కోసారి వెంట్రుకవాసి మాత్రమే జరపాలి. వారంటీలో ఇది అనుమతిస్తారో లేదో అడిగి, ఆ జవాబు చేతికొచ్చాకే మూత విప్పండి.